ఎనిమిది ఫొటోల రోలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు పది నిమిషాలు ఇచ్చారు. "నీ పాత కెమెరా గురించి చెప్పు" అన్నారు మా బ్యాచ్ వాళ్ళు. వాళ్ళు అడుగుతున్నది కెమెరా గురించి కాదని నాకు తెలుసు. ఒక ఫొటో గురించి. కొన్నేళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. ఇవాళ దానికి జవాబు చెప్పడానికే వచ్చాను. దారి మాత్రం కాస్త చుట్టు, ఓర్చుకోండి.

1980ల్లో మేం పదో తరగతి చదివేటప్పుడు సత్తుపల్లి నుంచి బస్సులో ఫొటోగ్రాఫర్ వచ్చేవాడు. మెడలో రెండు కళ్ళ యాషికా కెమెరా. పైనుంచి తల వంచి చూసేవాడు. రోలుకు 12 ఫొటోలు. అప్పట్లో ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళ 'ఇందు' ఫిల్ము దొరికేది. మా క్లాసుకు రెండంటే రెండే తీశాడు. ఎవరు కళ్ళు మూసినా, ఎవరు పక్కకు చూసినా అంతే సంగతులు. ఆ గ్రూపు ఫొటో నా దగ్గర లేదు. కాపీకి కట్టాల్సిన డబ్బులు ఇంట్లో అడగలేక, "నేను సరిగా పడలేదు, నాకొద్దు" అని చెప్పాను. ఆ తర్వాత స్నేహితుడి ఇంట్లో గోడమీద చూశాను. బాగానే పడ్డాను.

ఇక మా లెక్కల సారు. ఎత్తులు–దూరాలు పాఠం ఆయన గదిలో చెప్పలేదు, మమ్మల్ని వాగు గట్టుకు తీసుకెళ్ళారు. అవతలి ఒడ్డున ఒక తాటిచెట్టు. "వాగు దిగకుండా దీని వెడల్పు చెప్పాలిరా" అన్నారు. చెట్టుకు సరిగ్గా ఎదురుగా ఒక మేకు కొట్టించి, అక్కడినుంచి గట్టు వెంబడి 30 అడుగుల తాడు లాగించారు. తాడు చివర నిలబడి అట్టముక్క మీద గీసిన కోణమానినితో చూస్తే, తాడుకూ చెట్టుకూ మధ్య 60 డిగ్రీలు. 30ని 1.732తో హెచ్చిస్తే దాదాపు 52 అడుగులు. ఆ తర్వాత ఒకణ్ణి వాగులోకి దింపి తాడుతో కొలిపించారు కూడా. రెండడుగులు తేడా వచ్చింది. "కోణం చూసినవాడి కన్ను తేడారా, లెక్క తేడా కాదు" అన్నారు.

చదువు పూర్తయి, థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో టర్బైన్ల అలైన్‌మెంట్ పనిలో పడ్డాను. నలభై దాటాక చేతిలో కాస్త డబ్బు ఆడి, ఒక పాత ఫ్యూజీ జీడబ్ల్యూ 690 కొన్నాను. చూడ్డానికి మామూలు కెమెరాలాగే ఉంటుంది, సైజు మాత్రం ఇటుకంత. బరువు కిలోన్నర. బ్యాటరీ లేదు, వెలుతురు కొలిచే మీటరు లేదు. 120 రోలు వేస్తే 8 ఫొటోలు, అంతే. ఆ రోలు కొడాక్ వాళ్ళు 1901లో బ్రౌనీ కెమెరా కోసం తెచ్చింది. అప్పటి కొలత కూడా ఇదే. మనం పెళ్ళిళ్ళలో చూసిన మామూలు ఫిల్ము ముక్కకు ఇది అయిదు రెట్లకు పైగా పెద్దది. అందుకే గ్రూపు ఫొటోలో వెనక వరసలో చివరివాడి చొక్కా గుండీ కూడా కనిపిస్తుంది.

దీన్ని రేంజ్‌ఫైండర్ కెమెరా అంటారు. ముందువైపు కాస్త ఎడంగా రెండు కిటికీలుంటాయి. మనం కన్ను పెట్టి చూస్తే మధ్యలో చిన్న పసుపు మచ్చ. అందులో మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్సు తిప్పుతుంటే ఆ రెండూ దగ్గరికొచ్చి ఒకటవుతాయి. ఒకటైనప్పుడు దూరం సరిపోయినట్టు. మొదటిసారి చూడగానే నవ్వొచ్చింది. ఇది సారు వాగు లెక్కే! రెండు కిటికీల మధ్య ఎడం మన 30 అడుగుల తాడు. లోపల తిరిగే అద్దం మన కోణమానిని. ఎదురుగా ఉన్న మనిషి తాటిచెట్టు.

ఈ కెమెరాలో ఒక చిక్కుంది. మనం చూసేది లెన్సులోంచి కాదు, పక్క కిటికీలోంచి. లెన్సు ముందు ఏముందో మన కంటికి తెలియదు. ఇది గుర్తుపెట్టుకోండి.

మన ప్రాంతానికి ఫొటోలు కొత్త కాదు. 1940ల మొదట్లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పరిశోధకుడు పాపికొండల్లోని కొండరెడ్ల మధ్య ఉండి, ఫొటోలు తీసి, 1945లో పుస్తకం వేశాడు. ఆయన తీసిన బొమ్మలు ఇప్పటికీ లండన్‌లోని సోయాస్ అనే విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. అక్కడి అడవిలో ఒక ముసలాయన ముఖం ఎనభై ఏళ్ళు నిలిచింది. మరి మనకు అక్షరం చెప్పినవాళ్ళ ముఖాలు మన బీరువాల్లో ఎన్ని ఉన్నాయి? ఫోన్లలో ఉన్నాయంటారు. ఫోను మారితే?

ఆ ఆలోచనతోనే కొన్నేళ్ళ కిందట సంక్రాంతి సెలవుల్లో మా బ్యాచ్ కలిసినప్పుడు ఆ కెమెరా తెచ్చాను. లెక్కల సారు వచ్చారు. మోకాళ్ళ నొప్పులు, చేతికర్ర. వేపచెట్టు నీడలో కుర్చీలు వేశాం. మూడు వరసలు. సారు కళ్ళజోడు అంచు మీద పసుపు మచ్చ కలిపాను. మూడు వరసలూ స్పష్టంగా రావాలని ఎపర్చరు 11, షట్టరు సెకనులో 60వ వంతు. అన్నీ సరిగా లెక్కేశాను. ఒక్కొక్కటే ఎనిమిదీ తీశాను. అందరూ చప్పట్లు కొట్టి భోజనాలకు లేచారు.

కెమెరా సంచిలో పెట్టబోతూ మూత కోసం జేబు తడిమాను. జేబులో లేదు. లెన్సు మీదే ఉంది.

నవ్వండి, ఫరవాలేదు. ఆ రోజు నాకు మాత్రం చెమటలు పట్టాయి. భోజనాల దగ్గర్నుంచి అందర్నీ మళ్ళీ పిలవచ్చు. ఇంకో రోలు సంచిలో ఉంది. పది నిమిషాల పని. కానీ "ఇంజనీరుగారు మూత తీయడం మరిచారు" అంటారని నోరు రాలేదు. గబగబా రెండో రోలు ఎక్కించాను. సారు మాత్రం ఇంకా కుర్చీలోనే కూర్చుని ఉన్నారు, లేవడానికి ఎవరైనా చెయ్యిస్తారేమోనని.

"ఏరా, ఇంకా తీస్తున్నావా?"

"మీ ఒక్కరిదీ తీస్తాను సార్."

"నా ఒక్కడిదేం చేసుకుంటావురా? పిల్లల్ని పిలువు."

"తింటున్నారు సార్, తర్వాత తీద్దాం" అన్నాను. ఆ తర్వాత అనేది రాలేదు. రెండు మూడు తీసి, చెయ్యందించి భోజనానికి తీసుకెళ్ళాను. మరుసటి వానాకాలంలో సారు వెళ్ళిపోయారు.

ఫొటోలేవని మీరు అడిగినప్పుడు "కడగడంలో పాడైంది" అని గ్రూపులో రాశాను. అది అబద్ధం. ఆ రోలు నేనే మా ఇంట్లో, నల్ల సంచిలో చేతులు పెట్టి డబ్బాలోకి ఎక్కించి కడిగాను, ఏదో ఒక నీడైనా పడి ఉంటుందన్న ఆశతో. అద్దంలా తెల్లగా వచ్చింది. ఫిల్ము అంచున కంపెనీవాళ్ళు ఫ్యాక్టరీలోనే వేసే అంకెలు మాత్రం నల్లగా, స్పష్టంగా ఉన్నాయి. అంటే మందు సరిగానే పనిచేసింది, కడగడంలో పొరపాటు లేదు. వెలుతురు లోపలికి రానివ్వనిది నేనే.

మన నోటుపుస్తకాల్లో తప్పు లెక్కను రబ్బరుతో చెరిపితే సారు ఒప్పుకునేవారు కాదు. "అడ్డంగా ఒక గీత కొట్టు, పక్కన మళ్ళీ చెయ్యి. ఎక్కడ తప్పావో కనిపించాలి" అనేవారు. నేను చెరిపేశాను. ఇవాళ గీత కొడుతున్నాను. మా బ్యాచ్ వాళ్ళందరూ నన్ను మన్నించాలి.

ఇక్కడున్న పిల్లలకూ చిన్నవాళ్ళకూ ఒక్క మాట. ఉద్యోగంలో నేను చూసిన పెద్ద నష్టాల్లో చాలావాటి మొదట ఒక చిన్న మూత ఉంది. ఎవరో చూశారు, చెబితే నవ్వుతారని ఊరుకున్నారు. షాఫ్టు ఒక వెంట్రుకంత పక్కకుంటే ఆపి సరిచేయడానికి ఒక పూట. ఊరుకుంటే బేరింగులే పోతాయి. పది నిమిషాల సిగ్గుకు భయపడి నేను పోగొట్టుకున్నది మళ్ళీ తీయలేని ఫొటో.

సారు బొమ్మ పెద్దదిగా వేయించి తెచ్చాను. ఆయన వెనకాలా పక్కనా అన్నీ ఖాళీ కుర్చీలే. కాని ఆయన ముఖం ప్రతి గీతతో సహా ఉంది. కళ్ళజోడు అంచూ ఉంది. దీన్ని లెక్కల క్లాసు గదికి ఇస్తున్నాను, ప్రధానోపాధ్యాయులు స్వీకరించాలని కోరుతున్నాను. కాపీలు మా బ్యాచ్‌లో అందరికీ తెచ్చాను. డబ్బులు అక్కర్లేదు.

సభ అయ్యాక భోజనాలకు ముందే అందరూ వేపచెట్టు కిందికి రండి. గురువులు ముందు వరసలో కూర్చోవాలి. రోలులో ఎనిమిదే ఫొటోలు, కాబట్టి కళ్ళు మూయకండి. ముందు వరసలో కూర్చున్నవాళ్ళకు ఒక మనవి. నేను "రెడీ" అనగానే లెన్సు వైపు చూడండి. మూత కనిపిస్తే గట్టిగా అరవండి, ఎవరు నవ్వినా సరే.