పరిశోధనకు పూర్వము వేయు అంచనా
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



నేను లెక్కలు వ్రాసి బ్రతుకువాడను. కళాశాల గడప త్రొక్కి యెరుగను. నాలుగు ప్రబంధములు చదువుకొన్నది ఈ గ్రంథాలయపు బల్లమీదనే. అట్టివానిని కళాశాలా పరిశోధనకు ఆధారములు కూర్చు విధమును గూర్చి మాటాడుమనుట సాహసము. ఆ సాహసము కార్యదర్శిగారిది.

నిరుడు మన యూరి అమ్మాయి యొకతె, ఎం.ఏ. చదువుచున్నది, నా కడకు వచ్చెను. "బాబాయిగారూ, నెలలోపల పరిశోధనా ప్రణాళిక వ్రాసి యియ్యవలెను. 'ఆంధ్రదేశమున కరవులు' అను విషయము తీసికొంటిని" అనెను. "సముద్రమును విడిచి గోష్పదమునకు రమ్మా" అంటిని. ఏ కరవు? ఏ యూరు? ఆ కరవునుగూర్చి నీవు తెలిసికొనగోరునదేమి? రెండు దినములు వాదించుకొన్న పిమ్మట ప్రశ్న యొక రూపునకు వచ్చినది: 1832-33లో గుంటూరు ప్రాంతమును తుడిచిపెట్టిన నందన కరవులో, డొక్కల కరవని పెద్దలనునదియు అదియే, మన గ్రామమున ఏ భూములు ఎవరి చేతినుండి ఎవరి చేతికి మారినవి?

ప్రశ్న కుదిరినతోడనే ఆధారములు తమంత తామే వరుసకు వచ్చును. మెకంజీ దొర సేకరింపజేసిన కైఫియత్తులు కలవు. ఆయన 1821లో గతించెను గనుక అవి కరవునకు ముందరి గ్రామస్థితిని మాత్రమే చెప్పగలవు. ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చయినది, కాని యాత్ర ముగిసినది 1831లో. అందు ఈ కరవును వెదకుట వృథా. పుస్తకము అచ్చయిన యేడు వేరు, అందలి సంగతి యేడు వేరు. మద్రాసు రెవెన్యూ బోర్డువారి నాటి కాగితములు చెన్నపట్నమున తమిళనాడు ఆర్కైవ్సులో నున్నవి. ఇక అయిదు లక్షల జనములో రెండు లక్షలు మడిసిరను మాట పుస్తకములలో తరచు కానవచ్చును. దేశమంతట జనగణన మొదలైనది 1871 ప్రాంతమున గదా, అంతకు నలువదేండ్ల ముందటి ఈ లెక్క యెవరు కట్టిరి, ఎట్లు కట్టిరి అని అడుగుమంటిని. అంకె కనబడగానే తల యూపుట నా వృత్తిలో పనికిరాదు.

ఇప్పుడు నా తప్పు చెప్పవలెను. మా యింట ఒక పాత క్రయపత్రము కలదు. మా పూర్వులలో నొకరు రెండు తూముల జొన్నలకు ఒక చేను కొన్నట్లు అందున్నది. ఫసలీ అంకె యున్నచోట చిరిగిపోయినది. మిగిలినది 'నందన' అను సంవత్సరనామము. నందన అరువదేండ్లకొకసారి వచ్చును: 1832, 1892, 1952, 2012. అమ్మాయి అడుగగా నేను తడుముకొనక "1892" అంటిని. ఆమె నా మాట నమ్మి, ఆ పత్రము తన కరవునకు చెందనిదని ప్రణాళికనుండి తొలగించినది.

పదిదినముల కామె మరల వచ్చి పత్రము చూపుమనెను. చదివి, "బాబాయిగారూ, ఇందు గుంటూరు జిల్లా అని యున్నది. 1859లో ఆ జిల్లా రద్దయి ఎక్కువభాగము కృష్ణాజిల్లాలో కలిసినది. మరల ఏర్పడినది 1904లో. 1892లో గుంటూరు జిల్లా యెక్కడిది?" అనెను. నాకు మాట రాలేదు. ఆ రాత్రి కూర్చుండి తిథికిని వారమునకును గణితము వేసితిని. 1892లో పొసగలేదు, 1832లో పొసగినది.

ముప్పదియేండ్లు ఇతరుల పద్దులు తప్పుపట్టినవాడను, నా యింటి కాగితమును ఏల సరిగా చదువలేకపోతిని? తెలియక పలికితినని నేటికిని నమ్మలేకున్నాను. 1892 అయినచో అది చవుక బేరము. 1832 అయినచో, ఆకలితో నున్నవాని చేను తిండిగింజలకు తీసికొన్నట్లు. ఆ చేను నేటికిని మేమే సాగుచేయుచున్నాము.

పత్రమును ఆమె కిచ్చితిని. "మీ యింటి పేరు మరుగుపరతునా?" అని అడిగెను. పద్దులో పేరు కొట్టివేసినచో అది పద్దు కాదంటిని. మా యన్నగారికిది నచ్చలేదు. ఆయన ఈ సభలోనే యున్నారు. వారికి ఎదుటనే మన్నింపు కోరుచున్నాను.

ప్రణాళిక మూడు పుటలైనది. ప్రశ్న యొక పేరా. ఇదివరకు ఇతరులు చేసినపని యొక పేరా. గుంటూరు జిల్లాపై ఫ్రైకెన్‌బర్గుగారు 1965లో ప్రకటించిన గ్రంథము అందు ముఖ్యము. ఆధారముల పట్టికలో ప్రతిదానికి ఎదుట అది యెచ్చటనున్నది, చూచితినా, వినికిడియా అని వ్రాయించితిని. చూడనిది చూచినట్లు వ్రాయుట దొంగ జమ. చెన్నపట్నపు రైలు చార్జీలు, నకళ్ల ఖర్చు, నెలలవారి పని కట్టి చూపినది. ఆ కాగితములు దొరకనిచో ఏమి చేయుదునో కూడ ఒక వాక్యము చేర్చినది. అది నాకు తోచనిది, ఆమెదే. కళాశాలవారు ఆమోదించిరి.

అమ్మాయి ప్రతి ఆదివారము ఉదయము తొమ్మిదింటికి ఈ గ్రంథాలయమున కూర్చుండును. అటుకలమీద, ట్రంకుపెట్టెలలో పాత కాగితములున్నవారు తెచ్చి చూపుడు. ఇచ్చివేయనక్కరలేదు, నకలు వ్రాసికొని మీ యెదుటనే మరల ఇచ్చును. మా పత్రము రెండవ బీరువాలో, పై అరలో, గుడ్డ చుట్టి యున్నది. తాళపుచెవి కార్యదర్శిగారి కడ కలదు.