పనిచేసే చేతికి కలం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



రేషన్, కుట్టుమిషన్లు, స్కూలు ఫీజులు ఇస్తున్నారు. అల్లాహ్ స్వీకరించుగాక. ఈ రోజు ఇంకొక అవసరం మీ ముందు పెడతాను.

జూబ్లీహిల్స్ ఇళ్లలో అంట్లు తోమి, వంట చేసి, పిల్లల్ని చూసుకునే ఆడవాళ్లలో చాలామంది పాలమూరు నుంచో, శ్రీకాకుళం నుంచో పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్లు. ఫిల్మ్‌నగర్ బస్తీల్లో ఉంటారు. చుట్టూ కథలు రాసి బతికే సినిమావాళ్లు. ఆ సినిమాల్లో పనిమనిషి తరచు నవ్వించడానికే వస్తుంది. ఆమె కథ ఆమె నోట వినే చోటు లేదు.

అది జరగని పనేం కాదు. బేబీ హాల్దార్ బెంగాల్ నుంచి ఢిల్లీ పక్కనున్న గుర్‌గావ్‌కు వచ్చి ఇళ్లలో పనిచేసింది. పుస్తకాల అరలు తుడుస్తూ ఆగి చూసే ఆమెను యజమాని ప్రబోధ్ కుమార్ గమనించారు. ఆయన ప్రేమ్‌చంద్ మనవడు. నోటుబుక్కు, పెన్ను ఇచ్చి రాయమన్నారు. ఆమె బెంగాలీలో రాసింది, ఆయన హిందీ చేశారు. 2002లో ‘ఆలో ఆంధారి’ అచ్చయింది; 2006లో ఇంగ్లీషులోకీ వెళ్లింది.

బదర్ ఖైదీల్లో చదువు వచ్చినవారు, పరిహారం చెల్లించలేనప్పుడు, మదీనా పిల్లలకు రాత నేర్పి విడుదల పొందారని సీరత్ గ్రంథాలు చెబుతాయి. రాత విలువ మనకు కొత్త కాదు.

నెలకొక ఆదివారం రెండు గంటలు కూర్చోబెడదాం. రాయడం వచ్చినవాళ్లు రాస్తారు. రానివాళ్లు చెబితే మన కాలేజీ ఆడపిల్లలు రాసి, తిరిగి చదివి వినిపిస్తారు. దక్కనీ అయినా, పాలమూరు మాట అయినా దిద్దకూడదు. ఆమె ఒప్పుకుంటేనే అచ్చు, ఆమె కోరితేనే పేరు. కథ ఆమె సొత్తు. సినిమాకు పనికొచ్చినా ఆ ప్రతిఫలం ఆమెదే.

దీనికి ఖర్చు నోటుబుక్కులు, టీ, ఆటో చార్జీలు. అది సదఖాతో తీరుతుంది. డబ్బుతో తీరనిది ఆమె తీరిక. ఇంటిపనివారికి వారానికి వరుసగా 24 గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లోనే ఒప్పందం చేసింది. మన దేశం ఇంకా దాన్ని ధ్రువీకరించలేదు. ప్రభుత్వం కోసం మనం ఆగనక్కర్లేదు. మీ ఇంట్లో పనిచేసే చెల్లెలికి ఆ ఆదివారం జీతం కోయకుండా సెలవివ్వండి. ఆమె రాసినదాంట్లో మన ఇంటి మాట కూడా ఉండవచ్చు. అదీ విందాం.

అల్లాహ్ మనకు ఆ తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.