ఉచిత వీడియోలు – సమాన మార్గము



యర్రగొండపాలెము నుండి మార్కాపురమునకు పోవు బస్సులో ఒక పెద్ద అంగడికి పోవువారికి టిక్కెట్టు లేదనియు, తక్కిన అంగళ్లకు పోవువారు పూర్తి ఛార్జీ ఇయ్యవలెననియు నియమము పెట్టిరనుకొందము. ప్రయాణికుడు సంతోషించును. కాని, కొంతకాలమునకు చిన్న అంగళ్లు మూతపడును. పిదప పెద్ద అంగడివాడు చెప్పినదే ధర.

సెల్‌ఫోను కంపెనీలు కొన్ని వీడియోలను మాత్రము ఉచితముగా చూపుటలోని చిక్కు ఇట్టిదే. ఇంటర్నెట్టు మార్గమున పోవు సమాచారమునంతయు కంపెనీ ఒకే తీరున చూడవలెననుటకే నెట్ న్యూట్రాలిటీ అని పేరు.

అమెరికాలో టీ-మొబైల్ కంపెనీ 2015 నవంబరులో 'బింజ్ ఆన్' అను పథకము పెట్టినది. పట్టికలోని సంస్థల వీడియోలు చూచినచో డేటా లెక్కకు రాకుండెను. ఆ సంస్థలనుండి కంపెనీ పైకము తీసికొనలేదు. అయినను పట్టికకు నియమములు విధించినది కంపెనీయే.

మన దేశమున అదే సంవత్సరము ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి, ఎంపిక చేసిన కొన్ని సైట్లను ఉచితముగా చూపు పథకమును ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా ఆరు రాష్ట్రములలో ప్రారంభించినవి. అదియే తరువాత 'ఫ్రీ బేసిక్స్' అయినది. దీనిపై పెద్ద వాదము చెలరేగినది. లక్షలాది పౌరులు ట్రాయ్ సంస్థకు లేఖలు వ్రాసిరి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్, చూచు విషయమునుబట్టి డేటాకు వేరువేరు ధరలు పెట్టరాదని శాసించినది. ఉల్లంఘించినచో దినమునకు 50,000 రూపాయల చొప్పున, 50 లక్షలకు మించకుండ జరిమానా.

'పేదవానికి ఏమియు లేకుండుటకంటె కొంతయైన దొరకుట మేలు కాదా?' యని కొందరడిగిరి. ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయము. వానను నమ్ముకొన్న మెట్టరైతుకు ఉచితమనునది చిన్నమాట కాదు. కాని, ఈ ప్రాంతపు యువకుడొకడు మిరపతెగుళ్లను గూర్చి వీడియో తీసెననుకొందము. సినిమా ఉచితమై, అతని పాఠమునకు మాత్రము ఖర్చగునెడల దానిని చూచువారెవరు? రేడియో ముల్లును ఏ స్టేషనుకు త్రిప్పినను ఖర్చగు కరెంటు ఒక్కటే కదా!

డేటా అన్నిటికిని చవక కావలెనే గాని, కొన్నిటికి మాత్రమే ఉచితము కారాదని మా అభిప్రాయము. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు ప్రారంభమైన పిమ్మట, పోటీవలన డేటా ధరలు బాగుగా తగ్గినవి. ఆ చవక ఏ సైటునకైనను ఒక్కటే.

కావున రీఛార్జి చేయించునపుడు ఒక్క సంగతి గమనింపుడు. వీడియో సంస్థ చందాను ప్యాకులో కలిపి ఇచ్చుట వేరు. చూచునపుడు డేటా ఖర్చు కాకుండుట వేరు. ఉచితమను మాట వినబడినప్పుడెల్ల, దేనికి ఉచితము, దేనికి కాదు అని రెండు ప్రశ్నలును అడుగుట మంచిది.