రక్తనాళానికి తగిలిన గాయం



కూర తరుగుతుంటే వేలు తెగుతుంది. ఇంత పసుపు అద్ది, గుడ్డపీలిక చుట్టి మళ్లీ పనిలో పడతాం. నాలుగు రోజుల్లో మానిపోతుంది. మరి గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం లోపల గాయమైతే? ఆడవారిలోనూ మగవారిలోనూ అది ఒకేలా మానుతుందా? ఈ రోజు ఆ సంగతే మీతో చెప్పుకుంటాను.

మా జూబిలీహిల్స్, ఫిలింనగర్ వైపు గుండెజబ్బు మాట వస్తే అక్కినేని నాగేశ్వరరావుగారు గుర్తొస్తారు. 1974లో అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకున్నారు. 1976లో అన్నపూర్ణ స్టూడియో ప్రారంభించారు. 2014లో కన్నుమూశారు. మనకు తెలిసిన కథలన్నీ ఇలా మగవారివే కావడంతో, గుండెపోటు మగవారి జబ్బని మనసులో నాటుకుపోయింది.

మా పక్కింటి పిన్నిగారికి అరవై దాటాయి. రెండు రోజులు వీపునొప్పి, దవడ లాగడం, ఆయాసం. గ్యాసేనని వాము నమిలి ఊరుకున్నారు. చివరికి గుండెపోటని తేలింది. బెలూనుతో నాళం తెరిచి స్టెంటు పెట్టారు. "ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడేమిటమ్మా?" అని ఆవిడ నన్నడిగారు.

రక్తనాళం లోపల పల్చని పొర ఒకటుంటుంది. బెలూను ఒత్తిడికి అది చిరుగుతుంది. పొర త్వరగా అల్లుకుంటే మేలు. దాని కిందనున్న కండర కణాలు అతిగా పెరిగితే దారి మళ్లీ ఇరుకవుతుంది. ఈస్ట్రోజెన్ హార్మోను పొరను త్వరగా అల్లుతుందనీ, కండర కణాల పెరుగుదలను అదుపు చేస్తుందనీ జంతువులపై పరిశోధనల్లో తేలింది. మగవారిలోనూ ఈ హార్మోను కొద్దిగా ఉంటుంది. మనలో మాత్రం బహిష్టులు ఆగేదాకా సమృద్ధిగా ఉండి, తర్వాత బాగా తగ్గిపోతుంది. మనకు గుండెజబ్బు మగవారికన్నా సుమారు 7–10 ఏళ్లు ఆలస్యంగా రావడానికి ఇదొక కారణమంటారు. మధుమేహం, పొగాకు ఉంటే ఆ రక్షణ ముందే కరిగిపోతుంది.

అయితే ఆ హార్మోను మాత్రలు మింగితే సరిపోదా? అమెరికాలో 16 వేల మందికి పైగా స్త్రీలపై అదే పరీక్షించారు. ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టిన్ ఇచ్చిన ఆ పరిశోధనను 2002లో మధ్యలోనే ఆపేశారు. గుండెపోట్లు తగ్గకపోగా, పక్షవాతం, రొమ్ముక్యాన్సర్ పెరిగాయి. ఒళ్లు ఆవిర్లు భరించలేనివారికి డాక్టరు ఇవ్వవచ్చు గాని, గుండెను కాపాడుకోవడానికని ఎవరూ వాటిని సొంతంగా వాడకూడదు.

స్టెంటు పెట్టాక పొర అల్లుకోవడానికి నెలలు పడుతుంది. అందాకా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు డాక్టరు చెప్పకుండా మానకూడదు. పిన్నిగారు ఉపవాసమని ఒకరోజు మానబోతే నేనే వారించాను.

ఇంట్లో అందరి మందులూ వేళకు గుర్తుచేసే మనం మన ఆయాసాన్ని మాత్రం దాచుకుంటాం. వీపు, దవడ నొప్పితో చెమటలు పడితే వాముడబ్బా వెతకకండి, 108కి ఫోను చెయ్యండి. సెలవు.