విలాస వాహనం - తరిగిపోయే విలువ



మూడు తరాలుగా బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలవారూ, నిన్నమొన్న ఉద్యోగరీత్యా వచ్చినవారూ ఈ సభలో ఉన్నారు. మనందరికీ ఉమ్మడిగా తెలిసిన ఒక విషయంతో ప్రారంభిస్తాను. సంక్రాంతికి సొంత ఊరు వెళ్ళినప్పుడు, వాకిట నిలిచిన కారును చూచి మనిషి ఎదుగుదలను కొలుస్తారు. ఆ కొలతకు తలవంచి, స్తోమతకు మించిన ఎస్‌యూవీని అప్పుతో కొన్నవారు మనలో లేకపోలేదు. కొనడం తప్పని చెప్పడానికి నేను రాలేదు. కొన్ననాటి నుండి దాని విలువ ఎట్లా తరుగుతుందో ముందే లెక్క వేసుకొని కొనవలసిందని మాత్రమే నా మనవి.

ఉదాహరణకు షోరూము ధర 80 లక్షల రూపాయలు గల ఎస్‌యూవీని తీసుకుందాం. కర్ణాటకలో 20 లక్షలకు మించిన కారుకు జీవితకాల పన్ను 18 శాతం; సెస్సు వేరు. అంటే పన్ను కిందనే 14 లక్షల 40 వేలు. రేపు బండిని అమ్మబోయినప్పుడు కొనేవారు ఈ సొమ్మును పూర్తిగా లెక్కగట్టి ఇవ్వరు.

ఇక బండి విలువ సంగతి. మోటారు బీమాలో అనుసరించే తరుగుదల పట్టిక మనకొక కొలబద్ద. మొదటి ఆరు నెలలలో 5 శాతం, ఏడాది నిండేలోగా 15 శాతం, రెండవ ఏట 20, మూడవ ఏట 30, నాలుగవ ఏట 40, ఐదవ ఏట 50 శాతం తగ్గించి బీమా విలువ నిర్ణయిస్తారు. ఐదేళ్ళు దాటిన తరువాత యజమానీ బీమా సంస్థా పరస్పరం అంగీకరించిన విలువే ప్రమాణం. మన 80 లక్షల బండి ఐదవ ఏట 40 లక్షలకు దిగుతుంది. ఆ నష్టాన్ని 60 నెలలకు పంచితే నెలకు 66 వేల పైచిలుకు. బండి ఇంటి ముందు కదలకుండా నిలిచి ఉన్నా ఈ ఖర్చు ఆగదు.

ఈ పట్టిక చిన్న కారుకూ పెద్ద కారుకూ ఒక్కటే. పాత కార్ల బజారు మాత్రం అట్లా సమదృష్టితో చూడదు. విలాస వాహనానికి అక్కడ తరచుగా ఇంతకన్నా తక్కువే పలుకుతుంది. అందుకు ముఖ్యంగా మూడు కారణాలు. మొదటిది, కొనేవారు కొద్దిమంది కావడం. అంత సొమ్ము పెట్టగలవారు కొత్తదే కోరుకుంటారు. పాతదానితో సరిపెట్టుకొనేవారు నిర్వహణకు భయపడతారు. రెండవది, మరమ్మతు. బండి ధర సగమైనా విడిభాగాల ధర సగం కాదు. ఎయిర్ సస్పెన్షనో, ఎలక్ట్రానిక్ పరికరమో చెడితే, 40 లక్షలకు కొన్నవారు కూడా 80 లక్షల బండికి తగిన బిల్లే కట్టాలి. కనుకనే వారంటీ ముగియగానే బేరం ఒక్కసారిగా దిగుతుంది. టయోటా ఫార్చునర్ వంటి బండి పాతబడినా మంచి ధర పలకడానికి కారణం కూడా ఇక్కడే ఉన్నది: దృఢమైన నిర్మాణం, ఊరూరా బాగుచేయగల మెకానిక్కులు, కొనడానికి సిద్ధంగా ఉండే జనం.

మూడవది, కొత్త బండి ధరలో వచ్చే మార్పు. 2025 సెప్టెంబరు 22 నుండి పెద్ద ఎస్‌యూవీల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 50 శాతంగా ఉన్న పన్ను 40 శాతానికి తగ్గింది. తగ్గింపు మొత్తం కొనుగోలుదారుకు చేరితే, అంతకుముందు 90 లక్షలున్న బండి 84 లక్షలకు వస్తుంది. కొత్తవారికి అది శుభవార్తే. ముందు నెలలో 90 లక్షలు చెల్లించినవారి బండి విలువ మాత్రం ఏ గీతా పడకుండానే తగ్గింది.

ఇప్పుడు అప్పు సంగతి చూద్దాం. అదే 80 లక్షల బండికి 8 లక్షలు చేతి నుండి పెట్టి, 72 లక్షలు 9 శాతం వడ్డీకి ఏడేళ్ళ గడువుతో తీసుకున్నారనుకుందాం. నెలసరి వాయిదా సుమారు 1 లక్షా 16 వేలు. రెండేళ్ళు క్రమంగా కట్టిన తరువాత కూడా దాదాపు 55 లక్షల 80 వేల అప్పు మిగిలి ఉంటుంది. అప్పటికి బీమా పట్టిక ప్రకారం బండి విలువ 56 లక్షలు. ముందు పెట్టిన సొమ్ము, పన్ను, వాయిదాలు కలిపి ఆ రెండేళ్ళలో ఇంటి నుండి వెళ్ళినది సుమారు 50 లక్షలు. బండి అమ్మి అప్పు తీరిస్తే చేతికి మిగిలేది దాదాపు శూన్యం. అంతకన్నా తక్కువ పలికితే ఎదురు కట్టుకోవలసి వస్తుంది.

నాకు తెలిసిన ఒక కుటుంబానికి సరిగ్గా ఇదే జరిగింది. తండ్రిగారి వైద్యానికి డబ్బు అవసరమై బండిని అమ్మితే, వచ్చినదంతా అప్పుకే సరిపోయింది. వైద్యం ఖర్చుకు ఆ ఇంటి ఇల్లాలి నగలు కుదువ పెట్టవలసి వచ్చింది. బండిని ఆస్తిగా నమ్ముకున్నందుకు వారు చెల్లించిన మూల్యమది.

రాష్ట్రాలు మారే మనకు మరొక చిక్కు ఉన్నది. ఆంధ్రలోనో తెలంగాణలోనో రిజిస్టరైన బండిని 12 నెలలకు మించి ఇక్కడే ఉంచితే, ఇక్కడి నంబరు తీసుకొని ఇక్కడి పన్ను కట్టాలి. అక్కడి రవాణా కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన కాలానికి దామాషా ప్రకారం వాపసు కోరుతూ దరఖాస్తు చేయాలి. ఉద్యోగం ఎక్కడ స్థిరపడుతుందో తెలియనప్పుడు ఖరీదైన బండి కొనడానికి తొందరపడరాదు.

చివరిగా నా సలహా. పెద్ద బండి నిజంగా అవసరమైతే, నాలుగైదేళ్ళు నడిచినదానిని చూడండి; తరుగుదలలో పెద్ద భాగాన్ని మొదటి యజమాని భరించి ఉంటారు. అయితే సర్వీసు రికార్డు, బీమా క్లెయిముల చరిత్ర, బ్యాంకు అప్పు తీరినట్లు పత్రం చూడనిదే బయానా ఇవ్వవద్దు. మరమ్మతుల కోసం కొంత సొమ్ము విడిగా ఉంచుకోండి. కొత్తదే కావాలనుకుంటే ఎక్కువ భాగం చేతి నుండి పెట్టి, గడువు తగ్గించి, ఏడెనిమిదేళ్ళు వాడే ఉద్దేశంతో కొనండి. మొదటి ఏళ్ళలోనే మార్చేవారికే నష్టం అధికం.

ఊరివారు కారును ఒక పండుగ పూట చూస్తారు. వాయిదా మాత్రం ప్రతి నెలా మన గుమ్మం ముందు నిలబడుతుంది. ఆ సంగతిని గుర్తుంచుకొని, కొనేముందు ఇంటిల్లిపాదీ కూర్చొని ఒక కాగితం మీద ఈ లెక్క వేసుకోవలసిందిగా కోరుతున్నాను.