మాయ చేసేవాడే కథానాయకుడైతే

తెలుగు సినిమా పరిభాషలో ‘ట్రిక్ ఫోటోగ్రఫీ’ అనే మాట కెమెరా లోపలే జరిగే మాయకు, అంటే ఒకసారి తీసిన ఫిల్మును వెనక్కి తిప్పి దానిమీదే మరో దృశ్యాన్ని చిత్రించడం వంటి పనులకు, పాతతరం నుంచీ వాడుకలో ఉంది. ‘స్పెషల్ ఎఫెక్ట్స్’ అన్నది అంతకంటె విశాలమైన మాట. సెట్టు మీద పేల్చే మందుగుండు, కృత్రిమ రక్తం, రబ్బరు ముఖాలు కూడా దాని పరిధిలోకే వస్తాయి. ఈ రెండో రకం పనివాడిని కథానాయకుడిగా నిలబెట్టిన అపరాధ చిత్రం 1986లో రాబర్ట్ మాండెల్ దర్శకత్వంలో వచ్చిన ‘ఎఫ్/ఎక్స్’. ఆ పేరు ‘ఎఫెక్ట్స్’ అనే మాటకు స్టూడియోల్లో వాడే పొట్టి రూపమే.

న్యూయార్క్‌లో పనిచేసే ఆస్ట్రేలియన్ ఎఫెక్ట్స్ నిపుణుడు రోలీ టైలర్ (బ్రయన్ బ్రౌన్) దగ్గరకు ప్రభుత్వ న్యాయశాఖ మనుషులు వచ్చి, కోర్టులో సాక్ష్యం చెప్పబోతున్న ఒక మాఫియా నాయకుణ్ణి శత్రువుల బారినుంచి కాపాడాలంటే అతడు నలుగురి కళ్లెదుటా చనిపోయినట్టు లోకాన్ని నమ్మించాలని కోరతారు. మొదట తటపటాయించిన రోలీ చివరకు ఒప్పుకొని హోటల్లో ఆ కాల్పుల నాటకాన్ని తానే నడిపిస్తాడు. అది ముగిసిన మరుక్షణం నుంచి పని అప్పగించినవాళ్లే అతని ప్రాణం తీయడానికి వెంటపడతారు. తాను పేల్చినవి ఉత్తుత్తి తూటాలేనా, నిజంగానే మనిషిని చంపానా అన్న అనుమానంతో పరుగెత్తే ఆ మనిషికి మిగిలిన ఆయుధం తన పనిముట్ల పెట్టె ఒక్కటే. కథలో అతుకులు లేవని కాదు; అయితే వృత్తిని అలంకారంగా కాక కథకు ఇరుసుగా వాడుకోవడంలో ఈ చిత్రానికి సాటివచ్చేవి తక్కువ.

ఆ కాల్పుల వెనక ఉన్న పనితనం చాలా చిన్న వస్తువు మీద ఆధారపడుతుంది. ‘స్క్విబ్’ అంటే గోరంత మందు నింపి విద్యుత్తుతో పేల్చే బిళ్ల. నటుడి ఒంటికి దెబ్బ తగలకుండా అడుగున ఒక రేకు కట్టి, దానిపై ఈ బిళ్లను, బిళ్లపై ఎర్రని ద్రవం నింపిన సంచిని అమర్చి, చొక్కా గుడ్డను అక్కడ ముందే కాస్త పలచబరుస్తారు. మీట నొక్కగానే సంచి పగిలి గుడ్డ లోపలినుంచి బయటికి చిరుగుతుంది. నిజమైన తూటా అయితే గుడ్డను లోపలికి తీసుకుపోతుందన్న సంగతి తెరమీద ఎవరికీ తట్టదు. గుంటూరు మిర్చి యార్డులో కొనేవాడు రంగు చూసి సరిపెట్టుకోడు, కాయను చేత్తో పట్టి తేమ చూస్తాడు, విరిచి గింజ చూస్తాడు. ప్రేక్షకుడికి ఆ వీలు లేదు. కంటికి కనిపించినదే అతనికి సరుకు. రోలీ మోసపోవడంలోని చమత్కారం కూడా ఇదే, ఎందుకంటే జీవితమంతా చూపును అమ్ముకున్నవాడు తన ముందున్న అధికారుల దుస్తులు, హోదా చూసి నమ్మి, కాయ విరిచి చూడడం మరిచిపోతాడు.

ఈ చిత్రానికి ఎఫెక్ట్స్ సమకూర్చిన జాన్ స్టియర్స్ అంతకుముందు జేమ్స్ బాండ్ చిత్రాల్లో పనిచేసి, 1965 నాటి ‘థండర్‌బాల్’కు ఆస్కార్ అందుకున్నవాడు. తెలుగు సినిమా చరిత్రతో పోల్చిచూడవలసింది ఇక్కడే. ‘థండర్‌బాల్’ వచ్చిన మరుసటి ఏడే, 1966లో, తెనాలి దగ్గరి బుర్రిపాలెం నుంచి వెళ్లిన కృష్ణ హీరోగా ‘గూఢచారి 116’ విడుదలై ఆయనకు ఆంధ్రా జేమ్స్ బాండ్ అన్న పేరు తెచ్చిపెట్టింది. మల్లికార్జునరావు దర్శకత్వం వహించిన ఆ చిత్రానికి కెమెరా పట్టిన రవికాంత్ నగాయిచ్ అప్పటికే పౌరాణికాల్లో ట్రిక్ పనికి పేరుపడ్డవాడు. హాలీవుడ్‌లో బాండ్ చిత్రాల మాయలవాడు మాయలవాడి కథకు పనిచేస్తే, తెలుగులో పురాణాల మాయలవాడు గూఢచారి కథకు కెమెరా పట్టాడు.

నగాయిచ్ పని ఎటువంటిదో 1961 నాటి ‘సీతారామ కల్యాణం’ చెబుతుంది. ఎన్.టి. రామారావు దర్శకుడిగా తన పేరు వేసుకోకుండా తీసి, తానే రావణుడిగా నటించిన చిత్రమది. పది తలలను ఒకే ఫిల్ము మీదకు తెచ్చే పద్ధతిని ‘మాస్కింగ్’ అంటారు. అందులో కెమెరా ముందు నల్లని అడ్డు పెట్టి ఒక తలకు చోటు వదిలి చిత్రించి, ఫిల్మును అంగుళం తేడా లేకుండా వెనక్కి తిప్పి, అడ్డును మార్చి రెండో తలకు చోటివ్వాలి. కెమెరా కాలు వెంట్రుకవాసి కదిలినా, నటుడి భుజం కాస్త వంగినా, వెలుగు మారినా మెడ దగ్గర అతుకు తేలిపోతుంది, అప్పటిదాకా తీసిన తలలన్నీ వృథా అవుతాయి. కంప్యూటర్లో మౌస్ నొక్కి వెనక్కి వెళ్లే వెసులుబాటు లేని కాలమది.

కనికట్టులో ఆరితేరిన ఆ కన్ను నేరకథ వైపు మళ్లడం వింతేమీ కాదు. ట్రిక్‌మన్ అనుక్షణం లెక్కవేసేది చూసేవాడి చూపు ఎక్కడ ఉంటుంది, ఎక్కడ ఉండదు అన్నదాన్నే; అపరాధ కథ రాసేవాడి లెక్కా అదే. ‘గూఢచారి 116’ను 1967లో జితేంద్రతో ‘ఫర్జ్’గా హిందీలో తీసినప్పుడు దర్శకత్వం నగాయిచ్‌కే దక్కింది. ఆ తర్వాత ‘ద ట్రైన్’, మిథున్ చక్రవర్తితో ‘సురక్షా’, ‘వార్దాత్’ వంటి థ్రిల్లర్లు ఆయన చేతిమీదుగానే వచ్చాయి.

‘ఎఫ్/ఎక్స్’లో రోలీ తన ప్రాణం కాపాడుకోవడానికి నాటకాలాడాడు, తెలుగు ట్రిక్ నిపుణులకు పేరు టైటిల్ కార్డుల్లో ఒక్క వరుసగా మెరిసి పోయింది. తెనాలి, నరసరావుపేట, ఒంగోలు హాళ్లలో ఆ పది తలలకు ఈలలు వేసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. ఈసారి ‘సీతారామ కల్యాణం’ చూసేటప్పుడు తలలు లెక్కపెట్టడం కాసేపు ఆపి, రావణుడి మెడల దగ్గర అతుకు కోసం వెతకండి.