చారులత చేతిలో దుర్భిణి



పాతకాలం కథతో సినిమా అనగానే కోటలు, గుర్రాలు, కత్తులు గుర్తొస్తాయి. సత్యజిత్ రాయ్ 1964లో తీసిన బెంగాలీ చిత్రం 'చారులత'లో అవేవీ ఉండవు. 1879 నాటి కలకత్తా, కలిగినవాళ్ల ఇల్లు, ఆ ఇంట్లో ఊసుపోని ఇల్లాలు చారు. రవీంద్రనాథ్ ఠాగూర్ రాసిన 'నష్టనీడ్' నవలిక దీనికి మూలం.

మొదటి ఏడు నిమిషాలూ దాదాపు మాటల్లేవు. చారు చేత్తో పట్టుకునే చిన్న దుర్భిణితో కిటికీ కిటికీకీ తిరుగుతూ వీధిలో పోయేవాళ్లను చూస్తుంది. అంతలో భర్త భూపతి పుస్తకంలో తలదూర్చి పక్కనుంచే వెళ్లిపోతాడు. ఆమె అతణ్నీ దుర్భిణిలోంచే చూస్తుంది. ఇంకేం చెప్పాలి! భూపతి మంచివాడే, చిక్కంతా అక్కడే. అతని ప్రాణమంతా తన పత్రిక మీద. భార్యకు తోడుగా ఉండమని, ఆమె చేత రాయించమని తమ్ముడి వరసైన అమల్‌కు తనే పని అప్పజెబుతాడు. తోటలో ఉయ్యాల ఊగుతున్న చారుతోపాటు కెమెరా కూడా ఊగుతుంది. ఆమె మనసు అమల్ వైపు కదిలిందని ఎవరూ నోరు విప్పి చెప్పరు.

ఆ ఇంటి గదులు కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్తా స్టూడియోలో వేసిన సెట్లంటే నమ్మబుద్ధి కాదు. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర వెలుగును తిన్నగా ముఖాల మీద గుప్పించకుండా, తెల్లటి గుడ్డ మీద పడి తిరిగొచ్చేలా చేశారు. చారుగా మాధవీ ముఖర్జీ నటన సంగతి వేరే చెప్పక్కర్లేదు.

1965లో ఈ చిత్రానికి బెర్లిన్ చిత్రోత్సవం రాయ్‌కి ఉత్తమ దర్శకుడి బహుమతి ఇచ్చింది. వీలైతే ఈ సినిమా చూడండి. ఆ ఏడు నిమిషాలైనా ఫోన్ పక్కన పెట్టి చూడండి.